పరవూర రాత్రి బస



పల్లెలో నుండు మనము పరవూరికి పోయినప్పుడు, పోయిన పని యేదైనను, ప్రొద్దు గ్రుంకు వేళకు మనసున మెదలు ప్రశ్న యొక్కటే. రాత్రి ఎక్కడ తల వాల్చవలెను? ఆ యూర చుట్టము లున్నచో చింత లేదందురు గాని, రెండు గదుల అద్దెయింట ఆరుగురు కాపురముండు చుట్టము గడపలోనికి సంచులతో పోవుటకు మనకు కాళ్ళాడవు. అట్టి సమయమున తక్కువ కిరాయికి దొరకు లాడ్జి గదియే గతి. అట్టి గదిలో నేను గడపిన యొక రాత్రిని గురించి ఈ పావుగంటలో మనవి చేసెదను.

హోటలనగానే మనకు ఇడ్లీయు చాయయు జ్ఞప్తికి వచ్చును. పండుకొను చోటును మనము లాడ్జి యందుము. ఇంగ్లీషువారికి హోటలనగా ముందుగా బసయే. వారి హోటలు, హాస్టలు, హాస్పిటలు అను మూడు మాటలును అతిథిని తెలుపు ఒకే లాటిను పదమునుండి పుట్టినవి. ఈ చుట్టరికము పుస్తకములలోనిదని తలచియుంటిని. మేడ్చల్‌లో అది నా యనుభవమునకే వచ్చినది.

గడచిన పుష్యమాసమున మా తమ్ముడు ట్రాక్టరు మీదినుండి పడి తొడయెముక విరుగగొట్టుకొనినాడు. మాది సిద్దిపేటకు ఆవల నొక చిన్న పల్లె. అంబులెన్సులో వానిని, మా మరదలిని మేడ్చల్ వైపునున్న యొక ఆసుపత్రికి తరలించిరి. నేనును నా మేనల్లుడును వెనుక బస్సున బయలుదేరి, రాజీవ్ రహదారిమీద శామీర్‌పేటలో దిగితిమి. దిగిన చోటనే బస విచారించితిమి. శామీర్‌పేట చెరువు చూచుటకు నగరమువారు సెలవుదినములందు వచ్చుట పూర్వమునుండి యున్నదే. నేడు న్యాయశాస్త్రము చెప్పు నల్సార్ విశ్వవిద్యాలయమును, మందులపై పరిశోధనలు జరుగు జీనోమ్ వ్యాలీయు ఆ చుట్టుప్రక్కలనే యున్నవి. అందువలన అచ్చట విడుదులకు కొదువ లేదు. పూలతోటలు, ఈతకొలనులు గలవి. ఒక దాని గుమ్మముకడ అడుగగా రాత్రికి నాలుగు వేలనిరి. ఆ పైకముతో మా యూర ఎకరమునకు నాటు కూలి తీరును. మేనల్లుడు నా ముఖము చూచినాడు. నేను ఆటో పిలిచితిని.

ఆసుపత్రిలో రోగికడ ఒక్కరే యుండవలెనని నియమము. మరదలు లోపల నుండెను. వరండాలో పండుకొనరాదని కావలివాడు మర్యాదగనే చెప్పినాడు. ఇక మేడ్చల్ బజారే శరణ్యమైనది.

మేడ్చల్‌లో చౌక బస దొరకుట వింతగాదు. అది నిన్న మొన్నటి మజిలీ కాదు. సికిందరాబాదునుండి ఉత్తరమునకు నాగపురము పోవు పాత బాట అది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, పల్లకిలో హైదరాబాదు మీదుగా కాశికి పోయినది ఈ త్రోవనే. 1831 సెప్టెంబరులో మరల ఇల్లు చేరినారు. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. దానిని చదివిన పెద్దలకు తెలియును, ఏ యూర దిగినను వారి దృష్టి మొదట నీటిమీదను, అంగళ్ళమీదను, దిగుటకు తగిన చోటుమీదను పడుచుండెను. నడచిపోవువాని లెక్కలు అవియే గదా. 1900 ప్రాంతమున ఆ బాట ప్రక్కనే సికిందరాబాదునుండి మన్మాడుకు రైలుదారి పడినది. 2023 ఏప్రిల్ 8 నుండి ఎం.ఎం.టి.ఎస్. బండ్లును మేడ్చల్ దాక వచ్చుచున్నవి. రైలు, రహదారి, కర్మాగారములు కూడిన చోట కూలికి వచ్చినవారును, సరకు తెచ్చినవారును రాత్రి నిలువక తప్పదు. వారికొరకు పుట్టిన గదులే అవి.

పైకము పుచ్చుకొని అతిథికి వసతి చూచు వాడుక మనకు పరాయిది కాదని యిక్కడ నొకమాట చెప్పవలెను. ధర్మసత్రములను మనము మెచ్చుకొందుము గాని, పూటకూళ్ళ యింటిని కొంత చులకనగా తలంతుము. క్రీడాభిరామములో ఓరుగల్లు వీథులు తిరిగిన ఇద్దరు స్నేహితులకు ఒక్క రూకకు కమ్మని భోజనము దొరకినది పూటకూళ్ళ యింటనే. ధర్మమునకు పెట్టువానిని మనము ఏమియు అడుగలేము. పైకము పుచ్చుకొనువానిని అడుగవచ్చును. అడుగుటయే మనకు చేతగాకున్నది.

మాకు దొరకిన లాడ్జి బస్టాండునకు దగ్గర, దుకాణముల మీద మూడవ అంతస్తున నున్నది. రెండు దుకాణముల నడుమ ఒక మనిషి పట్టునంత మెట్లదారి. గదికి ఏడువందలు. నేను బేరమాడి ఆరువందలకు తెచ్చితిని. తెచ్చితినని మురిసితిని కూడ! ఒక పెద్ద పుస్తకములో పేరు, ఊరు, వచ్చిన గంట వ్రాయించి, ఆధారు కార్డు నకలు తీసికొనిరి. వచ్చినవాడెవడో తెలిసికొనుట లాడ్జివాని విధియే, దానికి కోపగించుకొన పనిలేదు. అయితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడునట్టి ఆధారు పత్రమును ఆ సంస్థవారే యిచ్చుచున్నారు. మీ పిల్లలచేత దానిని ముందుగనే తీయించి సంచిలో నుంచుకొనుడు. నకలు ఇచ్చితిరా, దానిపై అడ్డముగా ఆనాటి తేదీయు, ఆ లాడ్జి పేరును వ్రాసి యిండు.

దినమన నెంత యని కూడ అడుగవలెను. కొన్నిచోట్ల మనము దిగిన గంటనుండి ఇరువదినాలుగు గంటలు. కొన్నిచోట్ల ఎప్పుడు దిగినను మరునాటి మధ్యాహ్నము పండ్రెండుతో సరి. రాత్రి పదింటికి దిగినవానికి ఈ భేదము చిన్నది కాదు. పన్నుమాట యొకటి. వేయి రూపాయలకు మించని గదికి 2022 జూలై 17 వరకు జి.ఎస్.టి. లేదు. అటుపిమ్మట నూటికి పండ్రెండు చొప్పున వేసిరి. 2025 సెప్టెంబరు 22 నుండి అది అయిదునకు దిగినది. జి.ఎస్.టి. నంబరు లేనివాడు ఆ పేరిట పన్ను వసూలు చేయరాదు గనుక, పన్ను అడిగినవానిని నంబరున్న బిల్లు అడుగుడు.

గది చెడ్డది కాదు. రెండు మంచములు, ఒక పంకా, ఉదయము ఆరునుండి ఎనిమిది వరకు వేడినీరు. దుప్పటి ఉదికినదే గాని మరకలు పోలేదు. కిటికీకి దోమతెర యుండెను. క్రింద రహదారిపై లారీలు రాత్రియెల్ల మూలుగుచునే యుండెను. మేనల్లుడు పడినవాడు పడినట్లే నిద్రపోయినాడు. నాకు పట్టినదో లేదో తెలియదు.

రాత్రి రెండుగంటలు దాటిన పిమ్మట సెల్‌ఫోను మ్రోగినది. మరదలు. తమ్మునికి రక్తము చాలలేదట, వెంటనే రమ్మనిరట. మేనల్లుని రక్తము వానికి సరిపడునని సాయంకాలమే పరీక్షించి చెప్పియుండిరి. చెప్పులు తొడుగుకొని మెట్లు దిగితిమి. క్రింద ఇనుప కటకటాల తలుపు మూసి, లోపలివైపున తాళము వేసియుండెను. తలుపుకడ చాపమీద పనిపిల్లవాడు నిద్రించుచుండెను. ఒడిస్సానుండి వచ్చినవాడు, పదునెనిమిదేండ్లు మించవు. లేపితిమి. "చాబీ సేఠ్ తీసుకపోయిండు తాతా" అని వాడు బిక్కముఖము వేసినాడు. సేఠు ఇల్లు ఎక్కడనో వానికి తెలియదు. ఫోను చేసిన ఎత్తువారు లేరు.

పెద్దలారా, తొడయెముక విరిగిన తమ్ముడు మూడు మైళ్ళ దూరమున, వానికి కావలసిన రక్తము ఈ కటకటాల లోపల. నడుమ ఒక చిన్న తాళము. "మామా, పైకెళ్ళి దుంకుతా" అని మేనల్లుడు మొదటి అంతస్తు పిట్టగోడవైపు పోబోయినాడు. వాని చొక్కా పట్టుకొని ఆపితిని. ఒకని కాలు విరిగినది చాలును. కటకటాలలోనుండి కేకలు వేసితిమి. రోడ్డునకు ఆవల చాయబండి కడ నిలిచిన లారీ డ్రైవరు ఒకడు విని, తన బండిలోని ఇనుపకడ్డీ తెచ్చి, రెండు మెలికలలో తాళమును ఊడబెరికినాడు. ఆ పుణ్యాత్ముని పేరడుగుటకైనను తెలివి లేకపోయినది. కేకలు మొదలిడుటకు, తాళము ఊడుటకు నడుమ పావుగంట పట్టియుండును.

తమ్ముడు దక్కినాడు. మొదట నా మాటలో ఆ ముక్క చెప్పక మిమ్ము తొందర పెట్టినందులకు క్షమింపుడు.

తాళము వేయుట తప్పని నేను అనను. పూర్వపు సరాయిలలోను రాత్రి వాకిలి మూయుచుండిరి. మన హైదరాబాదునకు తూర్పున మచిలీబందరు త్రోవలో హయత్‌నగరమున, 1672లో కట్టిన మసీదు చుట్టు నూటికి పైగా గదులు గల సరాయి కుతుబ్‌షాహీల నాటిది నేటికిని చూడవచ్చును. గోడలు కోటగోడలను తలపించును. దొంగల భయము అట్టిది. కాని ఆ శతాబ్దిననే మన దేశమున తిరిగిన మనూచీ యను వెనిసు పట్టణస్థుడు మొగలాయి సరాయిలను గురించి వ్రాసినది గమనింపదగినది. తెల్లవారుజామున వాకిలి తెరచుటకు ముందు, ఎవరి సామాను వారు చూచుకొనుడని ద్వారపాలకుడు ముమ్మారు కేక వేయునట. అనగా తాళముతోపాటు మేలుకొనియుండు మనిషియు నుండెను. నేడు తాళము మిగిలినది, మనిషి ఇంటికి పోయినాడు. మన శాల యను మాటయే థాయిలాండు దేశము చేరి, త్రోవప్రక్క బాటసారులు విశ్రమించు మండపమునకు సాలా యని పేరైనది. ఆ సాలాలకు చుట్టు గోడలే యుండవు. అట్టిది మన బజారున సాధ్యము కాదు, నిజమే. గోడయు తలుపు నున్నచోట తాళపుచెవి ఎవరి చేతనున్నదో తెలియవలెను గదా.

నాది రక్తపు తొందర. నిప్పు రేగినయెడల పావుగంట ఎవరిత్తురు? 2022 సెప్టెంబరు 12 రాత్రి సికిందరాబాదులో, లాడ్జి యున్న కట్టడమునకు అడుగుననే విద్యుత్ స్కూటర్ల దుకాణమున మంటలు లేచి, పొగ మీది గదులకు ఎగబ్రాకి, 8 మంది మరణించిరి. వారును పనులమీద పరవూరికి వచ్చి తల వాల్చినవారే. పొగ ఎప్పుడును మెట్లదారి వెంటనే పైకి వచ్చును. కావున గది చూచుటకు ముందు మెట్లు చూడుడు. రెండవ దారి కలదా? డాబామీది తలుపు తెరచియుండునా? అడుగున నున్న దుకాణములో ఏమి నిలువ చేయుదురు? రాత్రి వాకిలి తాళము ఎవరికడ నుండును? ఈ చివరి ప్రశ్నను నేను కిరాయి బేరమునకు ముందు అడుగవలసియుండెను. నూరు రూపాయలు తగ్గించుకొని మురిసితినని చెప్పితిని గదా, ఆ మురిపెములో ఆ ప్రశ్న మరుగుపడినది.

తెల్లవారి సామానుకు పోగా సేఠు గల్లాకడ కూర్చుండియుండెను. రాత్రి సంగతి విని నొచ్చుకొన్నాడు. నెలక్రిందట ఇద్దరు మనుష్యులు అర్ధరాత్రి కిరాయి ఎగవేసి పోయిరట, నాటినుండి తాళపుచెవి తనవెంట కొనిపోవుచున్నాడట. వాని కష్టము వానిది. అయినను తాళము ఖరీదు నూటయేబది అడుగుట మరువలేదు! మేనల్లునికి కోపము వచ్చినది. నేను ఇచ్చితిని. ఇచ్చుచు, క్రొత్త తాళమునకు రెండు చెవులుండును గదా, రెండవదానిని మెట్ల మొగదల మేకునకు వ్రేలాడగట్టుము, కిరాయి కావలసినచో ముందుగనే పుచ్చుకొనుమంటిని. వాడు తల యూపినాడు. మాటవరసకు ఊపినాడని తలచితిని.

నెలన్నర గడచినపిమ్మట తమ్ముని చూపించుటకు మరల మేడ్చల్ పోయి, రాత్రి యక్కడనే నిలువవలసివచ్చినది. అదే లాడ్జికి పోయితిమి. ఆ పిల్లవాడే యున్నాడు, నన్ను చూచి నవ్వినాడు. తమ్ముడు చేతికఱ్ఱతో ఒక్కొక్క మెట్టే యెక్కుచుండగా వెనుక నేను నడచితిని. మెట్ల మొగదల, మనిషి చేతికందునంత ఎత్తున, ఒక మేకునకు ఎఱ్ఱదారముతో తాళపుచెవి వ్రేలాడుచుండెను.