వివాహమునకు ముందు వ్రాతపత్రము

(మన సంఘ వార్షిక మహాసభ యందు చేసిన యుపన్యాసము)



వివాహమునకు ముందుగానే వధూవరులు ఆస్తిపాస్తులను గూర్చి పత్రము వ్రాసికొనవచ్చునా, కూడదా యను ప్రశ్న ఈ నడుమ మన సంఘమునకు పలుమారులు వచ్చినది. ఉప్పలు నుండి వచ్చిన యొక తండ్రి "తలంబ్రాలు పడకమునుపే యెడబాటును తలచుట అపశకునము గాదా?" యని యడిగెను. నాచారము నుండి వచ్చిన యొక కన్య "నా జీతముతో వాయిదాలు చెల్లించుచున్న యిల్లు రేపు ఎవరిదగును?" అని యడిగెను. ఇరువురి ప్రశ్నలును న్యాయమైనవే. కావున మాకు తోచినది మీ యెదుట విన్నవించుచున్నాము.

ఉప్పలు, నాచారము ఒకప్పుడు సేద్యపు పల్లెలు. పిమ్మట నాచారమున పారిశ్రామికవాడ వెలసినది. ఉప్పలు రోడ్డు వెంట పరిశోధనాలయములు వచ్చినవి. 2007 లో ఉప్పలు పురపాలక సంఘము మహానగరములో కలిసినది. 2017 నవంబరులో నాగోలు నుండి మెట్రోరైలు నడచినది. మన తాతలు ఎకరములు, గుంటలు అని లెక్కించిన నేలను మనము గజములలో లెక్కించుచున్నాము. నేల విలువతో పాటు తగవు విలువయు పెరిగినది.

ఇట్టి పత్రము మనకు క్రొత్తది గాదు. ఇల్లటపు టల్లుని తెచ్చుకొనునపుడు, అతడు మామగారి సేద్యము చూచుకొనవలెననియు, కుమారునితో సమానముగా భాగము పొందవలెననియు పెద్దలు ముందుగానే నిశ్చయించెడివారు. 1881 లో మద్రాసు హైకోర్టు ఈ యాచారమును గుర్తించినది. మన యిరుగుపొరుగు ముసల్మానుల నికానామాలో మహరు సొమ్ము వ్రాయబడుచునే యున్నది. గోవాలో పోర్చుగీసువారి 1867 నాటి చట్టము ననుసరించి వివాహపూర్వ పత్రములు నేటికిని చెల్లుచున్నవి.

అయినను హిందువులమైన మనకు ఇట్టి పత్రములను గూర్చి ప్రత్యేక చట్టము లేదు. భార్యను ఎన్నడును ఆమె తల్లి యింటినుండి తీసికొనిపోనని వివాహమునకు ముందు భర్త వ్రాసియిచ్చిన యొడంబడికను 1901 లో కలకత్తా హైకోర్టు చెల్లదనెను. 1872 నాటి ఒడంబడికల చట్టములోని 23 వ సెక్షను ప్రకారము లోకహితమునకు విరుద్ధమైన యొప్పందము చెల్లదు. ఇల్లటపు మాట ఆచారబలముచేత ఆస్తి విషయమున నిలిచినది. కాపురమును కట్టడిచేయు మాట నిలువలేదు. ఈ భేదమే మనకు దారి చూపవలెను.

ఇక మా తప్పిద మొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మేము పెద్దలుగా నుండి యొక వివాహము కుదిర్చితిమి. పెండ్లియైన పిమ్మట ఆ దంపతులు ఇల్లు కొనిరి. పిల్ల తండ్రి తన స్థలమునమ్మి కొంత సొమ్మిచ్చెను. పిల్ల తన జీతమునుండి వాయిదాలు కట్టెను. దస్తావేజు మాత్రము అల్లుని పేర వ్రాయబడెను. పత్రమేదైన నుండవలదా యని పిల్ల తండ్రి యడుగగా, "నమ్మక ముండగా కాగిత మెందుకు?" అని యతని నోరు మూయించినవారము మేమే. మూడేండ్లకు ఆ పిల్లవాడు జబ్బుచేసి మరణించెను. 1956 నాటి వారసత్వ చట్టము ప్రకారము భార్యకు, బిడ్డకు, తల్లికి సమానభాగములు వచ్చినవి. ఆ తల్లి దుర్మార్గురాలు గాదు. ఆమెకును వేరాధారము లేకుండెను. తుదకు ఇల్లమ్మి పంచుకొనిరి. బిడ్డకు ఇల్లు పోయినది, నాయనమ్మతో రాకపోకలును పోయినవి. ఆ యింట ఎవ్వరును విడాకులు కోరలేదు. కనుక పత్రము వ్రాయుటయన్న విడిపోవుటను తలచుటయే యనువారు ఈ సంగతిని ఆలోచింపవలెను.

కావున మా సలహాలివి.

మొదటిది: వివాహ సమయమున వచ్చిన కానుకలకు పట్టిక వ్రాయుడు. 1985 నాటి నిబంధనలు దీనిని కోరుచున్నవి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వము వ్రాసి వధూవరు లిరువురును సంతకము చేయవలెను. స్త్రీధనము స్త్రీకే చెందునని సుప్రీముకోర్టు 1985 లోనే తీర్పుచెప్పినది. పట్టిక లేనిచో ఋజువు కష్టము.

రెండవది: కుమార్తెకు పసుపుకుంకుమల క్రింద భూమినిచ్చువారు నోటిమాటతో విడువరాదు. ఇద్దరు సాక్షులతో దానపత్రము రిజిస్టరు చేయింపవలెను. ఇరువురి సొమ్ముతో కొన్న యిల్లు ఇరువురి పేరను, ఎవరి భాగమెంతయో తెలుపుచు వ్రాయింపవలెను.

మూడవది: అప్పులు, పూచీలు, తల్లిదండ్రుల పోషణభారము దాచక ముందుగానే తెలుపుకొనవలెను. పునర్వివాహము చేసికొనువారు, మొదటి బిడ్డలు గలవారు, ఉమ్మడి వ్యాపారము గలవారు వివాహపూర్వ పత్రము వ్రాసికొనుట మేలు. తగవు వచ్చినపుడు న్యాయస్థానము దానికి కట్టుబడకపోయినను, నాటి యుద్దేశమునకు అది సాక్ష్యము కావచ్చును. తక్కిన వారికి పైరెండును చాలును.

నాలుగవది: కట్నపు మాట ఏ పత్రములోను వ్రాయరాదు, నోటను పలుకరాదు. 1961 నాటి చట్టము ప్రకారము ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు నేరమే. సాధారణముగా అయిదేండ్లకు తక్కువగాని ఖైదు కలదు. భార్య మనోవర్తిని ముందుగానే వదలుకొన్నట్లు వ్రాయించుటయు తగదు.

అయిదవది: పత్రము వ్రాయదలచిన యెడల ముహూర్తమునకు ముందురోజు కన్యచేత సంతకము పెట్టించుట అన్యాయము. నెలలు ముందుగా, ఇరుపక్షములును వేర్వేరు వకీళ్లకు చూపి, వధూవరులు స్వయముగా చదివికొని సమ్మతింపవలెను.

లగ్నపత్రిక వ్రాసికొనునాడే ఈ విషయములను మాటలాడు మర్యాదను మన సంఘము నెలకొల్పవలెనని ఈ సభవారిని ప్రార్థించుచున్నాము. ఆనాడు మేము నోరు మూయించిన తండ్రి ఈ సభలోనే యున్నారు. వారిని క్షమాపణ వేడుకొనుచున్నాము.