నొప్పినరముల పరీక్ష



మిరపకాయలు కోసిన చేతితో కన్ను నలుపుకొన్నవారికి మంట యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. మిరపలో నిప్పు లేదు. మంట మాత్రము నిజము. కారణమేమి? చర్మమందలి నొప్పినరముల కొనలలో సుమారు 43 డిగ్రీల వేడికి తెఱచుకొను ద్వారమొకటి కలదు. మిరపలోని కాప్సైసిన్ ఆ ద్వారమునే తెఱచును. ఈ సంగతిని 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందము వెల్లడించెను. ఆయన 2021లో నోబెల్ బహుమానమును మఱియొక శాస్త్రజ్ఞునితో పంచుకొనెను.

నరములన్నియు నొక్క తీరువి కావు. స్పర్శను తెలుపునవి లావైనవి. వానిలో వార్త సెకనుకు 50 మీటర్ల వేగముతో పరువెత్తును. నొప్పిని తెలుపునవి సన్ననివి. వానిలో కొన్ని సెకనుకు 10, 15 మీటర్లును, మిక్కిలి సన్ననివి సుమారు 1 మీటరును మాత్రమే నడచును. కనుకనే కాగిన గిన్నె తగిలినపుడు ముందు చురుక్కుమనును. పిదప మంట యెత్తుకొనును.

వైద్యశాలలో విద్యుత్తుతో చేయు సామాన్య నరపరీక్ష లావు నరములనే చూపును. అరికాళ్లు మండుచున్నవని మొఱపెట్టు మధుమేహరోగికి అందు దోషమేమియు కానరాకపోవచ్చును. అంతమాత్రమున ఆతని మాట బొంకని యింటివారు తలంచుట అన్యాయము.

సన్నని నరములకు వేఱు పరీక్ష కలదు. మెదడునందలి విద్యుత్తును తలపైనుండియే గుర్తింపవచ్చునని జర్మనీలో హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించెను. ఆ మార్గమున 1976లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు లేజరు కిరణముతో చర్మమును రెప్పపాటు వేడిచేసి, మెదడు పలుకు బదులును వ్రాయించిరి. రోగికి సూదిపోటువలె తగులును. ఒక్క పోటునకు లేచు అల మెదడులోని యితర సందడిలో కలిసిపోవును గనుక, పలుమార్లు చేసి సరాసరి కట్టుదురు. చేతిపై పోటు తగిలిన సెకనులో మూడవవంతునకు అటునిటుగ అల కనబడును. అది ఆలస్యమైనను, కురుచయైనను, అసలే లేకున్నను దారి చెడినదని యనుమానింతురు.

లాకువద్ద విడిచిన నీరు కాలువ చివరి చేనికి అందకున్నచో నడుమ గండియో పూడికయో యుండును. అది ఎచ్చటనో యీ పరీక్ష యొక్కటియే చెప్పజాలదు. నొప్పి యెంతయో కూడ చెప్పజాలదు. అది యనుభవించువాడే చెప్పవలెను.

నొప్పి తెలియకుండుట మేలని భ్రమపడరాదు. కుష్ఠు సోకినవారి వ్రేళ్లు చెడుటకు ముఖ్య కారణము, నొప్పి తెలియక పదే పదే తగులు గాయములే యని 1946లో వేలూరు చేరిన వైద్యుడు పాల్ బ్రాండ్ లోకమునకు చాటెను. మధుమేహము ముదిరిన వారి పాదములకును ఇదియే గతి. కొత్తపట్నము తీరమున మిట్టమధ్యాహ్నపు టిసుక మీద చెప్పులు లేక నడచినను వారికి తెలియదు. బొబ్బ లేచిన పిదపనే తెలియును.

కావున మధుమేహము గలవారు ప్రతిరాత్రి పాదములను దీపము వెలుతురున చూచుకొనవలెను. చర్మముపై మొద్దుబారిన మచ్చ కనబడినచో దాచక వైద్యునకు చూపవలెను. కుష్ఠునకు ప్రభుత్వ వైద్యశాలలలో మందు ఉచితముగ నిత్తురు. ఇంటిలో నెవరైన మంట యన్నచో, యంత్రము సాక్ష్యమిచ్చువఱకు వేచియుండక, ముందు వారి మాట వినవలెను.