రసీదుకు జవాబు



ఇంజనీర్ల దినోత్సవం నాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని తలుచుకుంటున్నాం. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తాక ఆయన వచ్చి పట్నానికి ఎగువన జలాశయాలు కట్టమన్నారు, పట్నంలో మురుగు పారే దారీ చూపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలితాలే. ఈరోజు నేను అంత పెద్ద పనుల గురించి కాదు, మన వీధి కాలువ గురించి మాట్లాడతాను.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక వానాకాలం, ఇంటి ముందు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒక పెద్దావిడ నాకు పాత రసీదు చూపించింది. ప్లాను మంజూరుకు కట్టిన డెవలప్‌మెంట్ చార్జీల రసీదది. "ఇది కట్టి పన్నెండేళ్లయింది నాయనా, మా వీధికి ఏం చేశారు?" అని అడిగింది. ఆఫీసుకు వెళ్లి రికార్డులు వెతికాను. డబ్బు జమైనట్టు ఉంది. తర్వాత సాధారణ నిధిలో కలిసిపోయింది. ఏ వీధికి ఖర్చయిందో చెప్పే కాగితం మాత్రం లేదు.

ఆమె కట్టింది రుసుము. పన్ను వేరు, రుసుము వేరు. పన్ను అందరి అవసరాలకూ, రుసుము ఫలానా సేవకూ అని 1954లో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు తేడా చెప్పింది. 1983లో మన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ ఫీజు కేసులో, పైసాకు పైసా లెక్క సరిపోనక్కర్లేదని సడలించింది. అయినా తీసుకున్న డబ్బుకూ చేసిన పనికీ స్థూలంగానైనా సంబంధం ఉండాలంది. ఆ పెద్దావిడ అడిగిందీ అదే.

ఇక వీధిలో నిలిచే నీళ్ల సంగతి. తారురోడ్డుకు బరువుకన్నా నీళ్లతోనే ఎక్కువ ముప్పు. నిలిచిన నీరు పగుళ్లలోంచి దిగి కంకర పట్టు వదిలిస్తుంది. పైనుంచి లారీ పోతే గుంత పడుతుంది. అందుకే రోడ్డు మధ్య నుంచి అంచులకు వాలు ఇస్తాం. అంచున కాలువ పూడిపోతే ఆ వాలే నీటిని అక్కడ నిలబెడుతుంది. పాత పొర గీకకుండా మళ్లీ తారు పోస్తే రోడ్డు ఎత్తు పెరిగి నీళ్లు గడప దాటతాయి. 2020 అక్టోబరు వానల తర్వాత హైదరాబాదులో నాలాల విస్తరణ చేపట్టారు. అది అవసరమే. కానీ వీధి కాలువ పూడి ఉంటే నీరు నాలా దాకా ఎలా చేరుతుంది?

కాలువ కట్టడం ఒకసారి పని, పూడిక తీయడం ఏటేటా పని. మన లెక్కల్లో మొదటిదానికే చోటుంది. కాబట్టి నాది మూడు మాటల కోరిక. వసూలైన రుసుమును విడి ఖాతాలో ఉంచి, కాలనీవారీగా జమాఖర్చు వార్డు ఆఫీసు బోర్డు మీద రాయాలి. అందులో కొంత మూలధనంగా పెట్టి, వడ్డీతో మృగశిర కార్తెకు ముందే పూడిక తీయించాలి. తీసిన పూడికను ఆ రోజే ఎత్తివేయాలి. గట్టునే వదిలేస్తే తొలివానకే మళ్లీ కాలువలోకి చేరుతుంది.

యువ ఇంజనీర్లారా, రేపు కొత్త కాలువకు అంచనా రాసేటప్పుడు పదేళ్ల పూడికతీత ఖర్చు కూడా పక్కనే రాయండి. ఎవరైనా రసీదు పట్టుకుని మీ ముందుకొస్తే, ఆ రుసుము జమాఖర్చు రిజిస్టరు తెరిచి చూపించగలగాలి. ఆరోజు నేను చూపించలేకపోయాను.