“పడదు” అను మాట

మన ఇండ్లలో “పడదు” అను మాట తరచుగ వినవచ్చును. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి రొయ్యలు పడవు, ఇంకొకరికి పెన్సిలిన్ పడదు. మాట ఒక్కటే అయినను దాని వెనుకనున్న కారణములు ఒక్కటి కావు. పాలు త్రాగిన పిమ్మట కడుపు ఉబ్బరించువానికి పాలు పడవందుము. పాలు త్రాగిన కొన్ని నిమిషములలోనే ఒడలెల్ల దద్దురులెక్కి ఊపిరి అందని శిశువునకును పాలు పడవనియే అందుము. మొదటివానికి కొరతపడినది పాలలోని చక్కెరను అరిగించు రసము. రెండవవాని విషయమున పాలలోని మాంసకృత్తును శరీరము శత్రువుగ నెంచి తిరుగబడుచున్నది. మొదటిది ఇబ్బంది, రెండవది ప్రాణాపాయము కావచ్చును. ఈ రెండవదానినే వైద్యులు అలెర్జీ అందురు. ఆహారమువలనను, ఔషధములవలనను కలుగు అలెర్జీ శైశవము మొదలు వార్ధకము వరకు ఏ వయస్సున ఏ రూపము దాల్చునో, దానిని గూర్చి పరిశోధకులు కనుగొనిన దేమో నేడు మనవి చేయదలచితిమి.

అలెర్జీ అను పేరును 1906లో వియన్నా నగరపు శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. గుర్రపు రక్తమునుండి తీసిన సీరమును చికిత్సకై ఇచ్చినపుడు కొందరు బిడ్డలకు జ్వరము, దద్దురులు వచ్చుటయు, రెండవ మారు ఇచ్చినపుడు అవి మరింత త్వరగ వచ్చుటయు ఆయన గమనించెను. అంతకు కొంచెము ముందు, 1902లో, ఫ్రాన్సు దేశమున షార్ల్ రిషే, పోల్ పోర్టియే అను శాస్త్రజ్ఞులు సముద్రజీవుల విషమును కుక్కలకు స్వల్పముగ ఎక్కించి, వానికి రక్షణ కలుగునేమో పరీక్షించిరి. రక్షణ కలుగలేదు సరికదా, కొన్ని వారముల పిమ్మట కొద్దిపాటి మోతాదునకే కుక్క నిమిషములలో మరణించెను. రక్షణకు విరుద్ధమైన ఈ స్థితికి వారు అనాఫిలాక్సిస్ అని పేరిడిరి. రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించెను.

ఇట్టి తిరుగుబాటునకు మూలమైన పదార్థము రక్తములో ఏదియో చాలకాలము తెలియలేదు. 1966లో అమెరికాలోని డెన్వర్ నగరమున పనిచేయుచుండిన ఇషిజాకా దంపతులు దానిని పట్టుకొనిరి. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులును వేరుగ పరిశోధించి దానినే గుర్తించిరి. 1968లో దానికి ఇమ్యునోగ్లోబులిన్-ఇ అను పేరు స్థిరపడెను. ఈ పదార్థము చర్మములోను, ప్రేగులలోను, ఊపిరి గొట్టములలోను ఉండు మాస్ట్ కణములను అంటిపెట్టుకొని కాచుకొనియుండును. పడని వస్తువు మరల వచ్చి తగిలినపుడు ఆ కణములు హిస్టమిన్ మొదలగు రసాయనములను వెలిగ్రక్కును. దద్దురులు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసము, తుదకు రక్తపు పోటు పడిపోవుట, ఇవన్నియు దాని ఫలితములే. మొదటిసారి శరీరము ఆయుధములను సిద్ధము చేసికొనును. ప్రయోగించుట తరువాతి మాట. కనుక “ఇదివరలో తిన్నదే కదా” అను ధీమా ఇచట చెల్లదు.

ఇక వయస్సుల సంగతి. శైశవమున ముఖ్యముగ పడనివి ఆవుపాలు, కోడిగ్రుడ్డు. అదృష్టవశమున ఈ రెండింటి అలెర్జీ పెక్కుమంది బిడ్డలకు పెరిగినకొలది తొలగిపోవును. వేరుసెనగ విషయము అట్లు కాదు. దాని అలెర్జీ అయిదుగురిలో ఇంచుమించు ఒకరికే తొలగును.

పరిశోధన వైద్యుల సలహానే తలక్రిందులు చేసిన ఘట్టము ఈ వేరుసెనగదే. 1998లో బ్రిటన్‌లోను, 2000లో అమెరికాలోను నిపుణులు, అలెర్జీ వచ్చు అవకాశము హెచ్చుగానున్న బిడ్డలకు మూడేండ్లు నిండువరకు వేరుసెనగ పెట్టవలదనిరి. తల్లులు ఆ మాట పాటించిరి. అయినను అలెర్జీ తగ్గలేదు, పెరిగెను. లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన గిడియాన్ లాక్, ఆయన సహచరులు 2008లో ఒక విశేషమును ప్రకటించిరి. బ్రిటన్‌లోని యూదుల బిడ్డలలో నూటికి 1.85 మందికి ఈ అలెర్జీ ఉండగా, ఇస్రాయేలులోని యూదుల బిడ్డలలో 0.17 మందికే ఉండెను. వంశము ఒక్కటే, భేదము తిండిలో ఉన్నది. ఇస్రాయేలులో మొదటి ఏడాదిలోనే బిడ్డలకు వేరుసెనగతో చేసిన మెత్తని చిరుతిండి పెట్టుట వాడుక.

ఈ అనుమానమును వారు పరీక్షకు పెట్టిరి. ఎగ్జిమా అను చర్మవ్యాధి తీవ్రముగనున్నట్టి, లేక గ్రుడ్డు పడనట్టి 640 మంది శిశువులను, నాలుగు మొదలు పదునొకండు నెలల వయస్సువారిని, రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు అయిదేండ్లు నిండువరకు వేరుసెనగ పెట్టిరి. రెండవ వర్గమునకు పూర్తిగ మాన్పించిరి. ఫలితము 2015లో వెలువడెను. మొదట చర్మపరీక్షలో ఏ గుర్తును లేని 530 మందిలో, మానినవారిలో నూటికి 13.7 మందికి అలెర్జీ రాగా, తినినవారిలో 1.9 మందికే వచ్చెను. తరువాత వారి ఇష్టానుసారము తినుటకో మానుటకో విడిచిపెట్టినను, ఆ రక్షణ కౌమారము వరకు నిలిచినదని 2024లో తేలెను.

దీనికి పరిశోధకులు చెప్పు కారణము ఇది: పగిలిన చర్మము ద్వారా మొదట పరిచయమైన పదార్థమును శరీరము దొంగగ ఎంచును, నోటి ద్వారా ప్రవేశించిన దానిని అతిథిగ స్వీకరించును. ఆరవ నెలలో అన్నప్రాశనము చేయు మన గృహిణులకు ఈ మాట వింత కాదు. అయితే రెండు హెచ్చరికలు కలవు. వేరుసెనగ గింజలు పసివారి గొంతునకు అడ్డుపడును. మెత్తగ నూరి పలుచగ కలిపినదే పెట్టవలెను. ఎగ్జిమా తీవ్రముగనున్న బిడ్డకును, గ్రుడ్డు పడని బిడ్డకును ముందు వైద్యుని సలహా కావలెను.

యౌవనమునను నడివయస్సునను కథ మారును. అంతవరకు హాయిగ తినుచుండిన రొయ్యలు, పీతలు ఒకనాడు పడకపోవుట ఈ వయస్సున కలదు. అమెరికాలో 2019లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, తమకేదో ఆహారము పడదని నమ్మువారు పెద్దలలో నూటికి 19 మంది. వారు చెప్పిన లక్షణములు నిజముగ అలెర్జీకి సరిపోయినది ఇంచుమించు 11 మందికే. మన పొరుగున, బెంగుళూరు మైసూరు ప్రాంతములలో పెద్దలపై జరిగి 2016లో వెలువడిన పరిశీలన ఇంకను ఆలోచింపదగినది. రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారమునకు ప్రతికూల గుర్తు నూటికి 26.5 మందిలో కనబడెను; నిజమైన అలెర్జీ ఉండవచ్చునని తేలినది 1.2 మందికి మాత్రమే. అనగా రక్తపరీక్ష పత్రములో గుర్తు కనబడినంత మాత్రమున ఆ ఆహారము పడదని కాదు. ఆ పత్రమును పట్టుకొని బిడ్డకు పాలు, గ్రుడ్లు, పప్పులు అన్నియు మాన్పించినచో మిగులునది నీరసమే.

ఆహారమునకును ఔషధమునకును గల చుట్టరికమును 2008లో అమెరికా వైద్యులు వెల్లడించిరి. సెటుక్సిమాబ్ అను క్యాన్సరు మందు ఆ దేశపు ఆగ్నేయ ప్రాంతమున కొందరికి మొదటి మోతాదుతోనే ప్రాణాంతకమగుచుండెను. ఆ మందులోని ఒక చక్కెర పదార్థమునకు వారి రక్తము ముందే సిద్ధపడియున్నట్లు తేలినది. అదే పదార్థము గొడ్డుమాంసములోను, పందిమాంసములోను కలదు. వారి శరీరమునకు దానిపై వైరము నేర్పినది ఒక పిడుదు కాటు!

ఔషధముల అలెర్జీలో తలమానికము పెన్సిలిన్. అమెరికాలో పదిమందిలో ఒకరి వైద్యపత్రములో “పెన్సిలిన్ పడదు” అని వ్రాసియుండును. తగినరీతిగ పరీక్షించిచూడగా వారిలో నూటికి తొంబదిమందికి పైగా ఆ మందు నిరపాయముగ పడుచున్నది. కొందరికి చిన్ననాడు జ్వరముతో వచ్చిన దద్దురులను మందుపైకి నెట్టియుందురు. కొందరికి మందు వలన విరేచనములు మాత్రమే అయియుండును. నిజముగ అలెర్జీ కలవారిలోను, పదేండ్లు మందు తగులనిచో నూటికి ఎనుబదిమందికి అది తొలగిపోవును. అయినను ఆ వ్రాత మాత్రము చెరగదు. ఏడేండ్ల వయస్సున పడిన మాట డెబ్బదియవ ఏట, న్యుమోనియాతో ఆసుపత్రి మంచముపై నుండగా, ఉత్తమమైన మందును దక్కనీయదు. దానికి బదులు వేరు మందులు వాడినచోట మొండి సూక్ష్మజీవుల బాధ హెచ్చుచున్నదని పరిశోధనలు తెలుపుచున్నవి. కనుక నిపుణునిచేత పరీక్షింపించుకొని ఆ మాటను నిలుపుటయో, కొట్టివేయుటయో మంచిది. ఇంటిలో స్వయముగ మ్రింగి చూచుట మాత్రము ఎన్నడును కూడదు.

వార్ధకమున ఆహారముకంటె ఔషధములే అనాఫిలాక్సిస్‌కు ముఖ్య కారణములు. ఈ వయస్సున ఒకేసారి అయిదారు మందులు వాడువారు ఎక్కువ. రక్తపు పోటునకు ఇచ్చు కొన్ని మాత్రలవలన, వాడుక మొదలిడిన నెలలకో ఏండ్లకో, నాలుకయు పెదవులును ఉబ్బవచ్చును. బీటా బ్లాకర్లను మాత్రలు అలెర్జీ చికిత్సలో ప్రధానమైన ఎడ్రినలిన్ పనిని మందగింపజేయవచ్చును. కావున పెద్దవారి మందుల చీటీలన్నియు ఒకేచోట ఉంచి, ప్రతి వైద్యునికి చూపుట ఇంటివారి విధి.

ఆపద వచ్చినపుడు చేయవలసినది క్లుప్తముగ చెప్పెదము. దద్దురులతోపాటు ఆయాసము, గొంతు బిగియుట, మాటిమాటికి వాంతులు, సొమ్మసిల్లుట కనబడినచో ఆలసింపరాదు. తొడ కండరములోనికి ఇచ్చు ఎడ్రినలిన్ ఇంజక్షనే దానికి మందు. దురదకు వాడు మాత్ర దానికి బదులు కాదు. రోగిని పరుండబెట్టి, కాళ్లు కొంచెము ఎత్తున నుంచి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆయాసపడువానిని కూర్చుండనీయవచ్చును, లేచి నడువనీయరాదు.

ప్రసంగములు ప్రసారమైన పిమ్మట మాకు వచ్చు జాబులలో, ఏది తినవచ్చును, ఏది తినరాదు అను ప్రశ్నలే హెచ్చు. వానికన్నిటికి ఒకే జవాబు లేదు. కాని ఒక పని అందరును చేయవచ్చును. “పడదు” అనుటతో ఊరుకొనక, ఏ వస్తువు, ఎంత తినగా, ఎంతసేపటికి, ఏ లక్షణము కలిగెనో, ఏ సంవత్సరమున జరిగెనో ఒక కాగితముపై వ్రాసి ఉంచుడు. వైద్యునికి ఆ నాలుగు పంక్తులు విలువైన సాక్ష్యము. నిజముగ పడనిదానిని దూరముగనుంచుటకును, నింద మాత్రమే మోయుచున్న మంచి ఆహారమును, మంచి మందును తిరిగి దక్కించుకొనుటకును అదియే ఆధారము.