విమానము దారి తెలిసికొనుట

గుడివాడ, తెనాలి, అవనిగడ్డ ప్రాంతములలో విదేశములలో బిడ్డలున్న కుటుంబములు నేడు కొల్లలు. బిడ్డ విమానమెక్కిన రాత్రి ఇంటివారికి నిద్ర పట్టదు. కావున దారి చూపు సాధనము చెడినపుడు పైలట్లు ఏమి చేయుదురో తెలిసికొనుట మనకు అవసరము.

నేటి విమానములకు ముఖ్యాధారము జి.పి.యస్. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహముల సంకేతములను బట్టి విమానము తానున్న చోటును లెక్కకట్టుకొనును. ఆ సంకేతములు మిక్కిలి బలహీనములు. దూరపు కేంద్రమును వినుచుండగా దగ్గరి బలమైన కేంద్రము దానిని మ్రింగివేయుట రేడియో శ్రోతలమైన మనము ఎరుగనిది కాదు. యుద్ధప్రాంతములలో జి.పి.యస్.కు పట్టు గతి అదియే. అంతకంటె ప్రమాదకరమైనది మరియొకటి కలదు. దొంగ సంకేతమును పంపి, విమానము వేరొక చోట ఉన్నట్లు నమ్మించుట! 2023 సెప్టెంబరులో ఇరాకు, ఇరాను ప్రాంతముల మీదుగా పోవు విమానములకు ఇట్లే జరిగినది. సాధనము మూగపోయినచో తెలియును. అబద్ధమాడినచో వెంటనే తెలియదు.

అట్టి ప్రాంతము రాకముందే పైలట్లు గడియారమును, స్థానమును సరిచూచుకొందురు. విమాన చలనమును కొలిచి స్థానమును గణించు జడత్వ యంత్రము బయటి సంకేతముపై ఆధారపడదు. కాని గంటకు మైలో, రెండు మైళ్ళో తప్పవచ్చును. దూరప్రయాణములో ఆ తప్పు పెరుగుచుండును. దానిని భూమిపై నున్న రేడియో కేంద్రములతో సరిపోల్చుదురు. అనుమానము కలిగినచో రాడారు అధికారిని దిశ అడుగుదురు.

సరిపోల్చకున్న ఏమగునో 1983 సెప్టెంబరు 1 చెప్పినది. ఆ దినమున కొరియా విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనమున ప్రవేశించి కూల్చబడినది. 269 మంది మరణించిరి. ఆటోపైలట్ జడత్వ యంత్రమును అనుసరింపక ఒకే దిశను పట్టి అయిదు గంటలకు పైగా సాగినను పైలట్లు గమనింపలేదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1993లో తేల్చినది.

మన దేశమునను ఈ సమస్య కలదు. 2023 నవంబరు నుండి 2025 ఫిబ్రవరి వరకు సరిహద్దు ప్రాంతములలో, ముఖ్యముగా అమృతసర్, జమ్మూ పరిసరములలో, 465 సంఘటనలు నమోదైనవి. 2025 డిసెంబరు 1న విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు తెలిపిన వివరములలో హైదరాబాదు పేరును వచ్చినది. ఢిల్లీలో ఒక రన్‌వేకు జి.పి.యస్. ఆధారముగా దిగు విమానములకు చిక్కు కలుగగా, భూకేంద్రములున్న తక్కిన రన్‌వేలకు భంగము కలుగలేదు. కనీస భూకేంద్రములను నిలుపుకొందుమని ప్రభుత్వము ప్రకటించినది.

వ్యయము తగ్గించుటకై పాత కేంద్రములను మూసివేయవలెనను వాదము లోకమున లేకపోలేదు. మన మచిలీపట్నపు పడవలకును నేడు జి.పి.యస్. వచ్చినది, తీరమున దీపస్తంభము మాత్రము వెలుగుచునే యున్నది. ఆకాశమునను అట్టి రెండవ సాక్ష్యము ఉండవలయును. దానికగు వ్యయము వృథా కాదు.