ప్రభువు బల్ల నుండి ఆటస్థలము వరకు



వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదివిన దినములలో మమ్మును కలవరపరచిన సంగతి నొకదానిని మీ ముందుంచుచున్నాము. 1857లో దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్‌డ్ సంఘపు సినడు, కొందరి బలహీనతనుబట్టి, తెల్లవారును నల్లవారును వేరుగా ఆరాధించుటకు అనుమతించెను. అట్టి వేర్పాటే 1948 తరువాత ప్రభుత్వ విధానమై, ఆటస్థలమును సహితము ఆక్రమించెను.

కేప్‌టౌన్‌లో పుట్టిన బాసిల్ డొలివెరాకు, తెల్లవాడు కానందున, స్వదేశపు జట్టులో చోటు లేకపోయెను. 1968లో ఇంగ్లండు జట్టు అతనిని ఎన్నుకొనగా, దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ ఆ జట్టును అంగీకరింపలేదు. పర్యటన రద్దాయెను. క్రికెటు ఆటగాడును గురువునైన డేవిడ్ షెప్పర్డ్ 1960లోనే దక్షిణాఫ్రికా జట్టుతో ఆడ నిరాకరించెను. ఆటలోనికి రాజకీయము తేవద్దని అనేకులు వాదించిరి. చర్మపు రంగునుబట్టి జట్టును కూర్చుట రాజకీయము కాదా?

1974లో మన దేశము డేవిస్ కప్ ఫైనలుకు చేరియు, దక్షిణాఫ్రికాతో ఆడక కప్పును వదలుకొనెను. అమృతరాజ్ సోదరుల వంటి ఆటగాండ్రకు అది గొప్ప నష్టము. నేటివరకు ఆ కప్పు మనకు దక్కలేదు. అయినను ఆ త్యాగము వ్యర్థము కాలేదు. వర్ణవివక్ష చట్టములు రద్దయిన 1991లో దక్షిణాఫ్రికా జట్టు కలకత్తాకు వచ్చి మనతో క్రికెటు ఆడెను.

ప్రియులారా, ఆ దేశమును తీర్పు తీర్చుట సులభము. మన సంఘములలో కులమునుబట్టి కూర్చుండు చోటు, సమాధుల తోట వేరుగా నున్నవేమో పరీక్షించుకొందము. అక్కడ కూడ కీడు "కొందరి బలహీనతనుబట్టి" అను మెత్తని మాటతోనే ప్రవేశించెను. ఆ మాట మన నోట రాకుండును గాక.