ఇంటి యాటలు – కృత్రిమ మేధ



మా రేగొండలోను, చుట్టుపట్ల పల్లెలలోను నేడు సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. మనుమడు తెలుగున ప్రశ్నింపగా నది తెలుగుననే బదులు చెప్పుచున్నది. దీనినే కృత్రిమ మేధ యనుచున్నారు. పిల్లలు దానిని గురువువలె నమ్ముచున్నారు. పెద్దలలో కొందఱు దయ్యమువలె వెఱచుచున్నారు. ఈ రెండును తగవు. అది యెట్లు నేర్చునో యెఱిగినచో నమ్మకమునకును భయమునకును హద్దు తెలియును. చిరకాలము పిల్లలకు పాఠములు చెప్పినవాడను గనుక చెప్పుచున్నాను: ఈ విద్యకు మన యింటి యాటలే చాలును.

1961లో డొనాల్డ్ మిచీ యను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 304 అగ్గిపెట్టెలతో నొక యంత్రమును గూర్చెను. అది తొమ్మిది గళ్ళలో సున్నలు, ఇంటూలు వేయు నాట యాడెడిది. పెట్టెలలో రంగుపూసలుండును. తీసిన పూసనుబట్టి యెత్తు. గెలిచినచో నా రంగు పూసలను హెచ్చించుట, ఓడినచో తగ్గించుట. ఇట్లాడగా నాడగా నా పెట్టెలు చక్కగా నాడ నేర్చెను.

దీనిని మన వామనగుంటల పీటతో చేయవచ్చును. పీటలోని 14 గుంటలలో పదింటికి సుద్దతో 1 మొదలు 10 వరకు అంకెలు వేయుడు. ఒక్కొక్క గుంటలో ఐదు కందిగింజలు, ఐదు పెసరగింజలు ఉంచుడు. 1వ గుంటలో మాత్రము కందులే. నడుమ పది చింతగింజలు పోయుడు. ఒక ప్రక్క మీరు, ఒక ప్రక్క పీట. పీటదే మొదటి వంతు. వంతునకు ఒకటిగాని రెండుగాని చింతగింజలు తీయవలెను. చివరి గింజ తీసినవారిది గెలుపు. పీట వంతు వచ్చినపుడు, ఎన్ని చింతగింజలు మిగిలినవో ఆ యంకె గుంటనుండి చూడక యొక గింజను తీయుడు. కంది వచ్చిన ఒకటి, పెసర వచ్చిన రెండు. పీట గెలిచినచో తీసిన గింజలను మరల గుంటలలో వేసి, అట్టివే యొక్కొక్కటి చేర్చుడు. ఓడినచో వానిని తొలగింపుడు. గుంట ఖాళీయైనచో మొదటివలె నింపుడు. కొన్ని సాయంకాలములు గడచునప్పటికి పీటను ఓడించుట కష్టమగును.

అప్పుడు మనుమరాలు, "తాతా, పీటకు లెక్కలొస్తయా?" యని యడుగును. రావు. గెలుపు, ఓటమి యను మాటలే దానికి తెలియవు. నేటి మహాయంత్రములలో గింజలకు బదులు కోటానుకోట్ల అంకెలుండును. ఫలమునుబట్టి వానిని సవరించుటయే మూలసూత్రము. మఱియొక మాట. తాత ముద్దునకై బుద్ధిపూర్వకముగా ఓడిపోయినచో, పీట తప్పెత్తునే మంచిదని నిలుపుకొనును. నేర్పిన దెట్టిదో నేర్చిన దట్టిది. పట్టణపు పలుకు మాత్రమే విన్న యంత్రము మన పల్లెపలుకును సరిగా గ్రహింపలేకపోవుటయు నిందువలననే.

రెండవది మాటల యాట. ఒకరు "చెఱువు నిండినది, ఇక నాటు..." అని యాపవలెను. అందఱును "వేయవలె" నందురు. చెఱువు నిజముగా నిండెనా? ఎవరును చూచి రాలేదు. అలవాటే మాటను పలికించినది. సంభాషించు యంత్రమును అట్లే తఱుచుగా వచ్చు మాటను ముందుకు దెచ్చును. కావుననే దాని యసత్యము కూడ తడబాటు లేక వినబడును.

మూడవది గొంతుల యాట. ఒకరు తలుపు చాటుననుండి యింటివారి గొంతుననుకరింపవలెను. వినువారు, ఇంటివారికి మాత్రమే తెలిసిన ప్రశ్న నడిగి నిజము తేల్చవలెను. నేడు కొద్దిపాటి కంఠధ్వని దొరికినను దానిని పోలిన గొంతును యంత్రము కల్పింపగలదు. దూరాన నున్న కొడుకు గొంతుతో "నాయనా, ఆపదలో నున్నాను, పైకము పంపు" మని యెవరైన పిలిచినచో ఈ యాట జ్ఞప్తికి రావలెను. వెంటనే ఫోను పెట్టివేసి, మీరెఱిగిన కొడుకు నంబరునకు మీరే చేయుడు. పైకము పోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు తెలుపుడు.

కడపట ధర్మము. అష్టాచెమ్మాలో గవ్వలు వేసిన పందెము గవ్వలది. ఏ కాయను నడపవలెనో ఆ నిర్ణయము మనది. కాయ చచ్చినచో గవ్వను నిందింపము. పత్తియాకు చిత్రమును జూచి ఫోను ఒక మందు పేరు చెప్పవచ్చును. వ్యవసాయాధికారి నడుగక దానిని చల్లి పైరు మాడినచో నష్టము రైతుది. యంత్రమునకు చేనును లేదు, అప్పును లేదు. మంచి చెడ్డల భారమును మోయలేనిదానికి తీర్పును అప్పగింపరాదు.

ఈ వివేకమును పిల్లలకు నేర్పుటకు ఆంగ్లము రానక్కఱలేదు. పీట, గవ్వలు, గుప్పెడు గింజలు, దీపము పెట్టిన పిదప నొక గడియ తీరిక చాలును. అటకమీది పీటను దింపుడు. పిల్లలను పిలువుడు. ఇంతటితో విరమించుచున్నాను.